లారీ చేత్తో మోటారు సైకిలు విప్పితే

ముప్పై ఎనిమిదేళ్ళు సాలూరులో లారీల కింద వెల్లకిలా పడుకుని బతికినవాణ్ణి. రిటైరయ్యాక కొత్తవలస వచ్చి రైలు కట్టకి దగ్గర్లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. ఇంటి పక్కన రేకుల షెడ్డు ఒకటి వేసుకున్నాను. అందులో ఒక బల్ల, ఇనుము బిగించి పట్టే వైసు ఒకటి, నా పాత స్పానర్లు. మా ఆవిడ నూకాలు దాన్ని నా రెండో సంసారం అంటుంది. అక్కడే ఎక్కువసేపు ఉంటాను కాబట్టి కాదనడానికి నోరు రాదు.

ఈమధ్య ఒక ఐటీఐలో మెకానిక్ కోర్సు చదివే పిల్లలకి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. వెళ్ళాను. మైకు ముందు నిలబడేసరికి నోరెండిపోయింది. "కష్టపడండి, పైకి రండి" అనేసి, శాలువా కప్పించుకుని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ మాత్రం చెప్పడానికి నేనెందుకు, గోడ మీద రాసుకుంటే సరిపోదూ? అందుకని ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో రాయను. అవి నాకే గుర్తులేవు. కిందటేడు నా షెడ్డులో విప్పి బిగించిన ఒక పాత మోటారు సైకిలు గురించి రాస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళ పనిలో నేర్చుకున్నదీ, నేర్చుకోనిదీ అంతా దాని దగ్గరే బయటపడింది.

గౌరి ఫోను

కిందటేడు తొలకరి రోజుల్లో గౌరి ఫోను చేసింది. గౌరి అంటే నా గురువు అప్పన్న మేస్త్రిగారి కూతురు. వాళ్ళది శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డు పల్లె. తరతరాలుగా వరి పండించే కుటుంబం. ఆ ఇంట్లో నాగలి వదిలి స్పానరు పట్టింది మేస్త్రిగారొక్కరే. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి.

"అన్నా, నాన్నకి ఎడం సెవి పూర్తిగా పోయింది. కుడిదీ పోతన్నాదట. ఇంకెన్నాళ్ళుంటాదో సెప్పలేనన్నాడు డాక్టరు" అంది.

"మిషను పెట్టించనేదేటమ్మా?"

"పెట్టించినాం. గోలే గాని మాట ఇనిపించట్నేదని తీసి సుట్టల పెట్టిలో పడీసినాడు."

నాకు నవ్వొచ్చింది. మేస్త్రిగారికి నచ్చని వస్తువు ఏదైనా చివరికి చుట్టల పెట్టెలోకే పోతుంది. కానీ గౌరి నవ్వలేదు.

"మొన్న పశువుల సాలలో ఆ పాత బండి దగ్గిర కూకున్నాడన్నా. 'సెవులు మొత్తం పోయే ముందు ఒక్కపాలి దీని సప్పుడు ఇనాలే గౌరీ. మన పైడిగాడికి సెప్పు' అన్నాడు. నానేటి సెయ్యను, నీకు సెప్పీసినాను."

పైడిగాడంటే నేనే, పైడిరాజుని. ఈ వయసులో నన్నలా పిలిచేవాడు లోకంలో ఆయనొక్కడే మిగిలాడు. ఆ బండి మీదే మేస్త్రిగారు ప్రతి సోమవారం ఊరి నుంచి సాలూరు వచ్చేవారు, శనివారం వెళ్ళేవారు. మోకాళ్ళు పట్టేసి కిక్కు కొట్టలేని రోజు వచ్చాక దాన్ని సాలలో పెట్టి గోనె కప్పేశారు. ఇరవై ఏళ్ళకి పైమాటే.

"రేపే వచ్చి పట్టుకెల్తానమ్మా" అన్నాను. ఫోను పెట్టేశాను. ఇంజన్ల చప్పుడు వినే ఆయన ఇంత అన్నం తిన్నాడు, మాకు పెట్టాడు. అలాంటి మనిషికి చెవులు పోవడం ఏం న్యాయమని దేవుణ్ణి నాలుగు తిట్టాను కూడా. తరవాత ధైర్యం తెచ్చుకున్నాను. పదేసి టన్నుల లారీలు బాగుచేసినవాడికి మోటారు సైకిలు ఒక లెక్కా అనుకున్నాను.

కేరేజీ పైడిరాజు

మేస్త్రిగారి చెవి ఎలాంటిదో తెలియాలంటే నా పరువు తక్కువ సంగతి ఒకటి చెప్పాలి.

నేను పనిలో చేరిన నాలుగో ఏడు. చెయ్యి తిరిగిందని పొగరుగా ఉన్న రోజులు. ఒడిశా వైపు నుంచి ఘాటీ కొండదారి దిగి ఒక లారీ వచ్చింది. ఇంజన్లో టకటకమని చప్పుడు వస్తోందన్నాడు డ్రైవరు. ఊడుపులని మేస్త్రిగారు ఊరు వెళ్ళారు. నేను చప్పుడు విన్నాను, బేరింగులే అని తేల్చేశాను. కింద దూరి అంతా విప్పాను. రెండు రోజులు విప్పుతూనే ఉన్నాను. బేరింగులు చూస్తే కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఏం చెయ్యాలో తోచక అన్నీ గుడ్డ మీద పరిచి కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న మేస్త్రిగారు బండి దిగారు. గుడ్డ వైపు చూశారు, నా వైపు చూశారు. "బిగించీ" అన్నారంతే. సాయంత్రానికి బిగించాను. స్టార్ట్ చేయించి, ఆయన కళ్ళు మూసుకుని ఇంజను ముందు కాసేపు నిలబడ్డారు. తరవాత నెమ్మదిగా నడిచి క్యాబిన్ ఎక్కి, డ్రైవరు సీటు వెనక చెయ్యి పెట్టి ఒక టిఫిన్ కేరేజీ బయటికి తీశారు. దాని పిడి రేకుకి కొట్టుకుంటోంది. చప్పుడు ఆగిపోయింది.

"ఒరే పైడిగా, విప్పాల్సింది ఈ కేరేజీ రా. ఇంజను ఎందుకు విప్పినావు?"

షెడ్డంతా గొల్లుమంది. రెండు రోజులు హోటల్లో తిన్న ఆ డ్రైవరు కూడా కేరేజీ పట్టుకుని నవ్వాడు. ఆ తరవాత చాన్నాళ్ళు నేను షెడ్డులో కేరేజీ పైడిరాజునే. పెళ్ళి చూపులకి వెళ్తే నూకాలు వాళ్ళ బాబాయి కూడా ఆ పేరుతోనే నన్ను గుర్తుపట్టాడు.

పిల్లలూ, మీకిప్పుడు కంప్యూటరు ఉంది. తీగ తగిలిస్తే తప్పెక్కడో అదే చెప్తుంది. నేను వెక్కిరించను, మా రోజుల్లో ఉంటే నేనే కళ్ళకద్దుకునేవాణ్ణి. కానీ తీగ తగిలించే ముందు ఒక్క నిమిషం చేతులు కట్టుకుని వినండి. సీటు వెనక కేరేజీ ఉందని ఆ డబ్బా చెప్పదు.

చెవుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. మా షెడ్డులో రోజంతా సుత్తి దెబ్బలు, గ్రైండరు, సైలెన్సరు లేని ఇంజన్లు. చెవుల్లో దూది పెట్టుకున్నవాణ్ణి 'దొరగారొచ్చారు' అని ఏడిపించేవాళ్ళం. ఏడిపించినవాళ్ళలో నేనూ ఉన్నాను. సిగ్గుపడుతున్నాను. మేస్త్రిగారి చెవులు వయసుతో పోయాయంటాడు డాక్టరు. సగం వయసు, సగం మా షెడ్డు అంటాను నేను. మీరు మాత్రం చెవులకి అడ్డం పెట్టుకోండి. ఎవడు నవ్వినా సరే.

సాలలో బండి

ఆ బండి కంపెనీ పేరు రాయను. కుడి కాలికి గేరు, ఎడమ కాలికి బ్రేకు ఉండే పాత రకం, ఒకే ఒక్క పెద్ద పిస్టను. ఆ మాత్రం చెప్తే తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

గోనె తీసేసరికి సీటు మీద కోడి పొదుగుకి కూర్చుని ఉంది. నన్ను చూసి పొడవడానికి వచ్చింది.

"దాన్ని లేపీకన్నా, పదకొండు గుడ్లున్నాయి" అంది గౌరి.

"మరి బండెలాగమ్మా?"

"సీటు ఇక్కడే వదిలీ. పిల్లలయ్యేక పంపుతాను."

అలాగే సీటు విప్పి కోడితో సహా అక్కడే దింపి, మిగతా బండి తెచ్చుకున్నాను. సైలెన్సరు గొట్టం నిండా కందిరీగలు మట్టి గూళ్ళు కట్టాయి. గాలి వెళ్ళే డబ్బాలో ఎలకలు ఊకతో సంసారం పెట్టాయి. ట్యాంకు మూత తీస్తే లోపల తుప్పు ఇటుక పొడిలా రాలింది. కిక్కు మీద నిలబడి ఎగిరినా కదల్లేదు. పిస్టను సిలిండరుకి పట్టేసింది.

మేస్త్రిగారు అరుగు మీద నుంచి అంతా చూస్తున్నారు. ఎక్కించే ముందు దగ్గరికెళ్ళి కుడి చెవిలో గట్టిగా అన్నాను, "బాగుచేసి తెస్తాను మేస్త్రీ!"

"అరవకురా, ఇంకా ఇనిపిస్తన్నాది" అన్నారు. "బేగి తే. ఇనిపించినప్పుడే తే."

లారీ చెయ్యి

పట్టేసిన పిస్టన్ని సమ్మెటతో కొట్టాలని చేతులు దురదపెట్టాయి. లారీ అయితే కొట్టేవాణ్ణే. ఇది అల్యూమినియం, కొడితే పగిలిపోతుంది. ప్లగ్గు తీసి ఆ బొక్కలోంచి డీజిలూ కిరసనాయిలూ కలిపి పోశాను. రోజూ పొద్దున్న కాఫీ అయ్యాక వెళ్ళి కిక్కు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కడం, కదలకపోతే వచ్చేయడం. తొమ్మిదో రోజు వెంట్రుకంత కదిలింది. కేకేస్తే నూకాలు గరిటతో పరిగెత్తుకొచ్చింది.

"ఏటైంది బావా, సెయ్యి నలిగిందేటి?"

"పిస్టను కదిలిందే!"

"ఓలమ్మో! మన పెద్దోడు నడిసినప్పుడు కూడా ఇలాగ అరవలేదు నువ్వు" అని తిరిగి వెళ్ళిపోయింది.

విప్పడం అంతా ఓపికతో చేశాను. బిగించేటప్పుడు దెబ్బతిన్నాను. సిలిండరు పైమూత, అదే హెడ్డు, బిగిస్తుంటే, ఇంకొంచెం పట్టాలి అనిపించింది. ఎవరికనిపించింది? ముప్పై ఎనిమిదేళ్ళు లారీ చక్రాల నట్లు కాళ్ళతో తొక్కి బిగించిన ఈ చేతికి. ఇంకొక్క పట్టు పట్టాను. కటుక్కుమనలేదు, మెత్తగా తిరిగిపోయింది. లోపలి మర మొత్తం ఊడి వచ్చేసింది.

ఆ పూట అన్నం సయించలేదు. మర్నాడు మర పోయిన ఆ ముక్కని విప్పి సంచిలో పెట్టుకుని విజయనగరం లేత్ షాపుకి వెళ్ళాను. అక్కడివాడు చూసి, "లారీ మెకానిక్కా బాబూ?" అని అడిగాడు. ఎలా తెలిసిందంటే, "ఇలాగ మర లాగీసినోళ్ళందరూ సాలూరోళ్ళే" అన్నాడు. తిట్టాలనిపించింది, కానీ నిజమే కదా. అతను బొక్క పెద్దది చేసి, లోపల స్టీలు చుట్టతో కొత్త మర వేసి ఇచ్చాడు. ఆ తరవాత ఆ బండికి బిగించిన ప్రతి నట్టూ రెండు వేళ్ళతో స్పానరు పట్టుకుని బిగించాను. అనుభవం చేతికి బలాన్నిస్తుంది. ఆ బలం ఎక్కడ వాడకూడదో ఇంకొకడు చెప్తే గానీ తెలీదు, వాడు లేత్ షాపువాడైనా సరే.

దసరా ముందు ఒక ఆదివారం ఇంజను సిద్ధమైంది. ట్యాంకు ఇంకా తుప్పు వదిలిస్తున్నాను కాబట్టి ఖాళీ సెలైను సీసాలో పెట్రోలు పోసి, బట్టలారేసే తీగకి కట్టి, గొట్టం కార్బురేటరుకి తగిలించాను. నూకాలు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. "ఆసుపత్రిలో రోగిలాగున్నాది నీ బండి" అంది. పదిహేడో కిక్కుకి అంటుకుంది. దబ్ దబ్ దబ్ మని ఒక్కో దెబ్బా లెక్కపెట్టుకునేలా పలికింది. నేను చిన్నపిల్లాడిలా గంతులేశాను. సిగ్గేముంది, రాసేస్తున్నాను.

ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసి గౌరికి పంపాను. మేస్త్రిగారి చెవి దగ్గర పెడితే ఆయన కాసేపు విని ఫోను మంచం మీద పడేశారట. "ఇది బండి కాదే, దోమ" అన్నారట.

రంగు పిచ్చి

ఇక్కడ అసలు తప్పు చేశాను. ఇంజను తిరుగుతోంది, చక్రాలు తిరుగుతున్నాయి. మర్నాడే తీసుకెళ్ళచ్చు. తీసుకెళ్ళలేదు.

ఎందుకు? తుప్పు బండి గురువుగారి ముందు పెడతానా! ఆ బండిది ముదురాకుపచ్చ, ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీత. అదే రంగు, అదే గీత ఉండాలి. ట్యాంకూ మడ్‌గార్డులూ విజయనగరం పెయింటరుకిచ్చాను. అతను గీత గియ్యడంలో మొనగాడు, కానీ జాతర రోజులు, చేతి నిండా పని. వారం అన్నాడు, మరో వారం అన్నాడు. నేను కూడా తొందరపెట్టలేదు. ఈలోగా హెడ్‌లైటు రింగు, బోల్టులు నికెలు పూతకిచ్చాను. పాత రకం అద్దం కోసం రెండు ఊళ్ళు తిరిగాను. నెలన్నర గడిచింది.

తొందరపడకపోవడం నేను మేస్త్రిగారి దగ్గరే నేర్చుకున్నాను. ఒకసారి షెడ్డు యజమాని ఒక లారీని బ్రేకులు పరీక్షించకుండానే పంపమని ఎగిరాడు. సరుకు పాడైపోతుందట. మేస్త్రిగారు వెళ్ళి ఆ లారీ ముందు బంపరు మీద కూర్చుని చుట్ట ముట్టించారు. "గాటీ దిగీది నువ్వు కాదు బాబూ" అన్నారు. యజమాని నానా మాటలూ అన్నాడు, పనిలోంచి తీసేస్తానన్నాడు. చుట్ట అయ్యేదాకా ఆయన లేవలేదు. లేచాక బ్రేకులు పరీక్షించి, అప్పుడు పంపారు. అది చూసిన రోజు నుంచి నన్నెవరూ తొందరపెట్టలేకపోయారు. పెట్టినవాళ్ళని నేనూ బంపరు మీద కూర్చునే చూశాను. దాంతో ఆలస్యం చెయ్యడమే పనితనం అనుకునే జబ్బు పట్టుకుంది నాకు. అది నాకే తెలీలేదు.

చెప్పింది నూకాలు. నేను నికెలు రింగుని గుడ్డతో తుడుస్తుంటే ఎదురుగా వచ్చి నిలబడింది.

"బావా, ఒకటడుగుతాను సెప్పు. మేస్త్రికి పోతన్నవి కళ్ళా, సెవులా?"

"చెవులే."

"మరి రంగులెవుడికి?"

రింగు తుడుస్తూనే ఉన్నాను.

"ఆయనకి కాదు, నీకు. సూడండి ఎంత బాగా సేసినానో అని ఊరంతా అనాలి. అంతేనా కాదా?"

కోపం వచ్చింది. నిజం మాట ఎప్పుడూ నాకు మొదట కోపమే తెప్పిస్తుంది. 'నీకేం తెలుసు పనితనం గురించి' అని విసుక్కున్నాను. ఆవిడ లోపలికెళ్ళిపోయింది. మూడో రోజున గౌరి ఫోను.

"అన్నా, నాన్న ఈదిలో నడుస్తంటే ఎనకాల ట్రాక్టరు వొచ్చినాది. ఎంత హారను కొట్టినా తప్పుకోనేదు. పక్కోళ్ళు సెయ్యి పట్టి లాగీసినారు." ఏడుస్తోంది. "ఇంక కుడి సెవి కూడా అయిపోయినట్టే అన్నా."

ఫోను పెట్టేసి షెడ్డులో కింద కూర్చుండిపోయాను. ఇనిపించినప్పుడే తే అన్నాడాయన. నెలన్నర ముందు తిరిగిన ఇంజన్ని దగ్గర పెట్టుకుని బంగారు గీత కోసం కూర్చున్నాను. నూకాలు వచ్చి పక్కన కూర్చుంది. నేను చెప్పాను కదా అని దెప్పలేదు. "లెగు, రేపు ఎల్దాం" అంది.

పెయింటరు దగ్గరికెళితే ట్యాంకు మీద ఎర్ర ప్రైమరు మాత్రమే పడింది. అలాగే లాక్కొచ్చేశాను. ఒక మడ్‌గార్డు ఎరుపు, ఇంకోటి తుప్పు. సీటు గౌరి ఇంకా పంపనేలేదు, దాని చోట గోనె మడిచి తాడుతో కట్టాను.

అరుగు దగ్గర

చిన్న గూడ్సు బండిలో ఎక్కించుకుని నూకాలూ నేనూ పొద్దున్నే బయల్దేరాం. ఊరు దగ్గర పడ్డాక నేనే ఆపించి మోటారు సైకిలు దింపాను. దాని మీదే వెళ్ళాలనిపించింది. ఏమో, ఈ చప్పుడు వేరు కదా, ఎక్కడో ఓ మూల వినపడుతుందేమో అని ఆశ.

వీధి మొదట్లోకి వచ్చేసరికి కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. కుక్కలు మొరిగాయి. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు, ఒక పెద్దాయన 'అప్పన్న బండిరా!' అని కేకేశాడు. మేస్త్రిగారు అరుగు మీద కూర్చుని చేటలో వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. తల ఎత్తలేదు. పది బారల దూరంలో ఆపి ఎక్సలేటరు తిప్పి రేజ్ చేశాను. తల ఎత్తలేదు. అరుగు దాకా తెచ్చాను. నా నీడ చేటలో పడ్డాక చూశారు.

మొహం వెలిగిపోయింది. "వొచ్చీసినావేటిరా పైడిగా!" అని గట్టిగా అరిచారు. ఎంత గట్టిగా అరుస్తున్నారో ఆయనకి తెలీదు. తరవాత బండిని చూశారు. "ఇంత దూరం తోసుకొచ్చినావేటిరా?"

ఇంజను తిరుగుతూనే ఉంది. నేను దాని మీదే కూర్చుని ఉన్నాను. వెనక వచ్చిన నూకాలు గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గౌరి గుమ్మంలోంచి వచ్చి, ఎక్సలేటరు తిప్పినట్టు మణికట్టు తిప్పి చూపించింది, తిరుగుతోంది నాన్నా అని.

ఆయన చేట పక్కన పెట్టి లేచారు. అరుగు దిగి ట్యాంకు మీద అరచెయ్యి ఆనించారు. ఇంజను అదురుకి చెయ్యీ అదిరింది. చెయ్యి తీసి నా వైపు తిప్పి, "పొడుగు స్క్రూడ్రైవరు తే" అన్నారు.

షెడ్డులో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. ఇంజను లోపలి చప్పుడు వినాలంటే స్క్రూడ్రైవరు మొన ఇనుముకి ఆనించి, పిడి చెవి ముందు ఎముకకి ఆనిస్తాం. అంత తెలిసినవాణ్ణి, చెవి పోయినా ఎముక వింటుందని నెలల తరబడి నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ అర్థం కాదు. తెచ్చిచ్చాను. ఆయన ఇంజను పక్కన స్టూలు వేయించుకుని కూర్చున్నారు. మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవి దగ్గర పెట్టి చూశారు. తల అడ్డంగా ఊపారు. తరవాత పిడిని నోట్లో, మిగిలిన నాలుగు పళ్ళ మధ్య కరిచి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

ఆయన ఎడం చెయ్యి పైకి లేచింది, మణికట్టు కొంచెం తిరిగింది. రేజ్ చెయ్యమని. చేశాను. ఇంకొంచెం. చేశాను. చెయ్యి దింపారు. పిడి నోట్లోంచి తీసి నా మీద విరుచుకుపడ్డారు.

"ఒరే దున్నపోతా! దీనికి లారీ గ్యాపు పెట్టీసినావేటిరా?"

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఇంజను వాల్వుల దగ్గర ట్యాపెట్లని ఉంటాయి. లారీకి వాటి మధ్య కొంచెం సందు వదలాలి, గేజి రేకు పెట్టి కొలిచి బిగిస్తాం. ఈ బండికి చల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండకూడదు. లోపలి కడ్డీని రెండు వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఊగకూడదు. నేను ఆలోచించకుండా లారీ గేజి పెట్టి బిగించేశాను. అందుకని లోపల సన్నగా టిక్కు టిక్కుమంటోంది. నెలన్నర నుంచీ రోజూ స్టార్ట్ చేసి మురిసిపోతున్నా ఆ టిక్కు నాకు వినపడలేదు. రెండు చెవులూ పోయిన ఎనభై ఏళ్ళవాడు పళ్ళతో విన్నాడు.

నేను బండి ఆపేసి నవ్వాను. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళు కారిపోయాయి. ఆయన కాళ్ళ మీద పడి, "వినిపించిందా మేస్త్రీ" అని అడిగాను, వినపడదని తెలిసీ. ఆయన నా నెత్తి మీద ఒక్కటిచ్చారు.

"నవ్వుతావేటిరా? సల్లారనీ. నానే సూస్తాను."

ఇంజను చల్లారేదాకా పని లేదు. గౌరి అన్నాలు పెట్టింది, ఎండు నెత్తళ్ళ చేపలు వంకాయతో వండింది. మేస్త్రిగారు నిండుగా తిన్నారు. ఆమధ్య సరిగ్గా తినడమే లేదని గౌరి నూకాలుతో చెప్తోంది. తిన్నాక ఆయన స్టూలు మీద కూర్చుంటే నేను కింద కూర్చుని పక్క మూత విప్పాను. ఆయన రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి కడ్డీని పట్టుకున్నారు. నేను స్పానరు తిప్పడం, ఆయన వేళ్ళతో తిప్పి చూడడం. "ఊఁ... ఇంకా... ఆగు. ఒక్క ఇసుక రేణువంత ఎనక్కి. అదీ." వేళ్ళు వణకలేదు. రెండో కడ్డీ కూడా అలాగే చేశాం. నేనెన్నేళ్ళ తరవాత హెల్పర్నయ్యానో లెక్కేసుకోలేదు, అంత సుఖంగా ఉంది.

మూత బిగించాను, రెండు వేళ్ళతోనే. మూడో కిక్కుకి అంటుకుంది. ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి పళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. తిట్టు కోసం ఎదురుచూస్తున్నాను. తిట్టు రాలేదు. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే వదులయ్యాయి. తల మెల్లగా, ఒక్కో దెబ్బకీ ఒక్కోసారి ఊగడం మొదలుపెట్టింది.

చాలాసేపయింది. ఇంజను వేడెక్కిపోతోంది, భుజం తట్టి, ఆపెయ్యనా అని చేత్తో సైగ చేశాను.

ఆయన పిడి నోట్లోంచి తీశారు. "ఆపీకురా" అన్నారు. "పెట్రోలున్నంతసేపు ఉండనీ."

మళ్ళీ పిడి పళ్ళ మధ్య పెట్టుకున్నారు. గౌరి లోపలికెళ్ళి ఖాళీ క్యాను వెతికి తెచ్చి, పెట్రోలుకి మనిషిని పంపింది.